కార్డు పెట్టె, కంప్యూటరు: రెండు వృత్తుల పరస్పర గౌరవం

ఒక విద్యార్థి గ్రంథాలయానికి వచ్చి, "తోకచుక్కలను గురించి పుస్తకం కావాలి" అని అడిగినాడనుకుందాము. ఆ గ్రంథాలయంలో ఇరవై వేల పుస్తకాలు ఉన్నవి. అతనికి కావలసినది వాటిలో ఏదో ఒక బీరువాలో, ఏదో ఒక వరుసలో ఉన్నది. కాని ఉన్నదని తెలియకపోతే అది ఉండీ లేనట్లే. పుస్తకాన్నీ పాఠకుణ్ణీ కలిపేది క్యాటలాగు. చాలా కాలం అది చిన్న చిన్న కార్డుల రూపంలో ఉండేది. ఒక్కొక్క కార్డు 12.5 సెంటీమీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల వెడల్పు. వాటిని కడ్డీకి గుచ్చి, సొరుగులలో అక్షరక్రమాన అమర్చేవారు. నేడు ఆ సొరుగుల స్థానంలో కంప్యూటరు తెర వచ్చినది.

ఈ మార్పు వెనుక రెండు వృత్తులవారు ఉన్నారు. పుస్తకాన్ని పరిశీలించి, దాని వివరాలను నిర్ణయించి నమోదు చేసేవారు క్యాటలాగర్లు. ఆ నమోదులను యంత్రం భద్రపరచేటట్లు, వెదికేటట్లు ఏర్పాటు చేసేవారు ప్రోగ్రామర్లు. ఈ ఇద్దరి చదువు వేరు, పరిభాష వేరు, ఆలోచించే తీరు వేరు. ఒకరి పని మరొకరికి మొదట అల్పంగానే కనిపించినది. ఆ చిన్నచూపు పోయి గౌరవం ఏర్పడిన తరువాతనే ప్రపంచపు గ్రంథాలయాలన్నిటికీ పనికివచ్చే సాధనం ఒకటి పుట్టినది. అది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1965 నుండి జరిగిన చరిత్ర.

క్యాటలాగు రాయడం సులభమా?

పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన సంవత్సరం రాసుకుంటే చాలదా, దీనికి ఇంత శాస్త్రమెందుకు అని చాలామంది అనుకుంటారు. నూటయెనభై యేండ్ల కిందట లండను నగరంలోని పండితులు కూడా అట్లే అనుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో గ్రంథాల అధికారిగా ఉన్న ఆంటోనియో పనిజ్జి ఇటలీ నుండి రాజకీయ కారణాల వల్ల పారిపోయి వచ్చినవాడు. అతడూ, అతని సహచరులూ కలిసి క్యాటలాగు రచనకు 91 నియమాలు కూర్చినారు. అవి 1841లో అచ్చయినవి. ఇన్ని నియమాలు అనవసరమనీ, వీటివల్ల పని ఆలస్యమగుచున్నదనీ విమర్శలు వచ్చినవి. 1847లో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించినది.

ఆ సంఘానికి కార్యదర్శి జాన్ పేన్ కాలియర్. ఇతడు పేరుపొందిన సాహిత్య పరిశోధకుడు. క్యాటలాగు పని ఎంత సులభమో చూపడానికి ఇతడు 25 పుస్తకాలకు నమోదులు రాసి ఇచ్చినాడు. పనిజ్జి సహాయకుడైన వింటర్ జోన్స్ వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించినాడు. ఆ కొద్ది నమోదులలోనే ఎన్నో తప్పులు బయటపడినవి. పుస్తకాలను ప్రేమించే పండితుడు కూడా నియమం లేకుండా రాస్తే, పాఠకుడు ఆ పుస్తకాన్ని కనుక్కోలేడని రుజువయినది. 1850లో సంఘం పనిజ్జి పద్ధతినే సమర్థించినది.

1876లో అమెరికాలో చార్లెస్ కట్టర్ క్యాటలాగు ఏమి చేయవలెనో స్పష్టంగా చెప్పినాడు. కర్త పేరు గాని, పుస్తకం పేరు గాని, విషయం గాని తెలిసిన పాఠకుడు ఆ పుస్తకాన్ని కనుక్కోగలగాలి. ఒక కర్త రాసినవి, ఒక విషయం మీద వచ్చినవి గ్రంథాలయంలో ఏమేమి ఉన్నవో తెలియాలి. 1901లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన కార్డులను అచ్చువేసి ఇతర గ్రంథాలయాలకు అమ్మడం మొదలుపెట్టినది. ఒకచోట నిపుణులు చేసిన పని వేల చోట్ల ఉపయోగపడసాగినది.

మన దేశంలో ఈ విద్యకు శాస్త్రరూపం ఇచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ మొదట గణితం బోధించినవాడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయినాడు. 1934లో క్యాటలాగు నియమావళి ఒకటి ప్రకటించినాడు. గణితం చదివినవాడు గ్రంథాలయానికి వచ్చి, అక్కడి పనిని తక్కువగా చూడక దాని లోతు తెలుసుకోవడం ఆయన జీవితంలో కనిపిస్తుంది. ముప్పై యేండ్ల తరువాత వాషింగ్టనులోనూ ఇటువంటి సంఘటనే జరిగినది.

యంత్రం ప్రవేశించినది

1950 తరువాత కంప్యూటర్లు కార్యాలయాలలోకి వచ్చినవి. జీతాల పట్టికలు, బ్యాంకు ఖాతాలు, సరకుల లెక్కలు వాటికి సులభమయిన పనులు. అటువంటి లెక్కలలో ప్రతి అంశానికీ ఇన్ని అక్షరాలని ముందే చోటు కేటాయించవచ్చును. ఉద్యోగి సంఖ్యకు ఆరు స్థానాలు, జీతానికి ఎనిమిది స్థానాలు చాలును. సమాచారాన్ని చిల్లులు పొడిచిన కార్డులపై ఎక్కించేవారు. ఒక కార్డుకు 80 నిలువు వరుసలు. ఫలితాలను అచ్చువేసే యంత్రాలలో చాలావాటికి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తప్ప వేరు అక్షరాలు లేవు.

ఈ అలవాటుతో వచ్చిన ప్రోగ్రామరుకు క్యాటలాగు కార్డు వింతగా తోచినది. ఒక పుస్తకం పేరు నాలుగు అక్షరాలే. మరొకదాని పేరు నాలుగు పంక్తులు. ఒక పుస్తకానికి కర్త ఒకడే, ఇంకొకదానికి ముగ్గురు, వేరొకదానికి కర్తే లేడు, ఒక ప్రభుత్వశాఖ ప్రకటించినది. పేరుకు అరవై స్థానాలిచ్చి మిగిలినది కత్తిరిస్తే పోలేదా, చిన్న అక్షరాలూ స్వరచిహ్నాలూ తీసివేస్తే పోలేదా అని అనిపించడం సహజం.

క్యాటలాగర్లకు ఇది తమ శాస్త్రాన్ని గొడ్డలితో నరకడం వలె కనిపించినది. పుస్తకాల సంగతి తెలియని యంత్రానికి తమ పని ఏమి తెలుస్తుందని వారు అన్నారు. రెండు వైపులా కొంత నిజం ఉన్నది. కార్డుల సంఖ్య లక్షలకు లక్షలు పెరిగి, చేతితో అమర్చడం కష్టమగుచున్నది. కనుక యంత్రం అవసరం. యంత్రం కోసం వివరాలను నరికివేస్తే క్యాటలాగు వల్ల ప్రయోజనమే పోతుంది. కనుక క్యాటలాగరు ఆక్షేపణ న్యాయం. 1963లో గిల్బర్ట్ కింగ్ అధ్యక్షతన నిపుణుల బృందం ఒకటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో యాంత్రికీకరణ సాధ్యమేనని నివేదిక ఇచ్చినది. సాధ్యమని చెప్పడం వేరు, సాధించడం వేరు. ఆ పని చేయవలసినవారు ఇంకా రావలసి ఉన్నది.

ఆవ్రమ్ మొదట విద్యార్థిని అయినది

హెన్రియెట్ ఆవ్రమ్ 1919లో న్యూయార్కు నగరంలో జన్మించినది. వైద్యవిద్యకు పోవలెనని కళాశాలలో చేరినది గాని అది నెరవేరలేదు. వివాహమయి, పిల్లలు పుట్టిన తరువాత గణితం చదివినది. 1952లో అమెరికా జాతీయ భద్రతా సంస్థలో చేరి, ఐ.బి.ఎం. 701 అనే తొలితరం కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసినది. ఆనాటికి ప్రోగ్రామరు అనే మాటే కొత్త. తరువాత వేరొక సంస్థలో ఉండగా ఒక గ్రంథాలయ ఏర్పాటుకు సంబంధించిన పని ఆమెకు తగిలినది. అప్పుడే గ్రంథాలయ పరిభాషతో మొదటి పరిచయం కలిగినది. 1965 మార్చిలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వ్యవస్థా విశ్లేషకురాలిగా చేరినది.

ఆమెకు అప్పగించిన పని క్యాటలాగు నమోదులను కంప్యూటరు దృష్టితో పరిశీలించడం. ఆమెకు యంత్రం బాగా తెలుసు. క్యాటలాగు శాస్త్రం తెలియదు. ఇక్కడ రెండు దారులున్నవి. తెలియకపోయినా తెలిసినట్లు ఒక పట్టిక గీసి, క్యాటలాగర్లను దానిలో ఇమడమనడం ఒకటి. తెలిసినవారి పక్కన కూర్చుండి నేర్చుకోవడం రెండవది. ఆమె రెండవ దారి పట్టినది. రూత్ ఫ్రైటాగ్, కే గైల్స్ అనే ఇద్దరు గ్రంథాలయ నిపుణులతో కలిసి కార్డు మీది ఒక్కొక్క అంశాన్నీ విడదీసి చూచినది. క్యాటలాగు నియమాలు, కార్డులను అమర్చే నియమాలు చదివినది. ఈ ముగ్గురి పేరనే 1965లో మొదటి ప్రతిపాదన వెలువడినది. అందులో ప్రోగ్రామరు పేరు ఒకటి, గ్రంథాలయ నిపుణుల పేర్లు రెండు ఉండడం గమనించదగినది.

ఫ్రైటాగ్ సాధారణ ఉద్యోగిని కాదు. గ్రంథసూచుల రచనలో ఆమె ఆరితేరినది. ఖగోళశాస్త్రంలోనూ మంచి ప్రవేశం గలది. 1984లో హాలీ తోకచుక్కపై వచ్చిన గ్రంథాల సూచిని ఆమె సంకలనం చేసి ప్రకటించినది. తోకచుక్క పుస్తకం అడిగిన విద్యార్థికి వెనుక నుండి సహాయం చేసేవారు ఇటువంటి వారే.

పేరు, సంవత్సరం, చుక్క

క్యాటలాగరుకు తెలిసినదేమిటో, యంత్రానికి తెలియనిదేమిటో మనకు తెలిసిన ఉదాహరణలతో చూద్దాము.

ఇంగ్లీషు పేర్లలో చివరి మాట సాధారణంగా ఇంటిపేరు. అందువల్ల "చివరి మాటను ముందుకు తెచ్చి అమర్చుము" అని యంత్రానికి ఆజ్ఞ ఇవ్వవచ్చును. కాని అదే ఆజ్ఞ గురజాడ అప్పారావు పేరు మీద నడిస్తే ఏమవుతుంది? ఇక్కడ ఇంటిపేరు మొదట ఉన్నది. కందుకూరి వీరేశలింగం పంతులు పేరులో చివరి మాట ఇంటిపేరూ కాదు, పెట్టిన పేరూ కాదు; అది గౌరవ పదం. యంత్రం తనంతట తాను నడిస్తే "పంతులు" అనే వంశం ఒకటి పుట్టుకొస్తుంది. "రావు" అనే మాట విడిగా రాసుకొన్న కర్తలందరూ ఒకే కుటుంబం వారవుతారు. ఏ మాట ఏమిటో భాష తెలిసినవారే నిర్ణయించవలెను. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరచి, మన భాషల పుస్తకాలను సేకరించి అమెరికా గ్రంథాలయాలకు పంపసాగినది. తెలుగు పుస్తకాలు కూడా అందులో ఉన్నవి. కనుక ఇది ఊహలో పుట్టిన చిక్కు కాదు. వారి బల్లల మీదికి వచ్చినదే.

రెండవది సంవత్సరం. యంత్రానికి నాలుగు అంకెలు కావలెను. పాత తెలుగు పుస్తకాలలో కొన్నిటికి ముఖపత్రం మీద అంకెలకు బదులు "విభవ" వంటి సంవత్సరం పేరు ఉంటుంది. అరవై యేండ్లకొకసారి ఆ పేరే తిరిగివస్తుంది. విభవ అంటే 1868 కావచ్చును, 1928 కావచ్చును. క్యాటలాగరు ముద్రాక్షరశాల పేరు, కాగితం, పీఠిక రాసినవారి కాలం చూచి ఒక నిశ్చయానికి వస్తాడు. పుస్తకంలో లేనిదాన్ని తాను ఊహించినానని తెలియడానికి దానిని చతురస్ర కుండలీకరణాలలో ఉంచుతాడు. సందేహముంటే ప్రశ్నార్థకం చేరుస్తాడు. ఆ ప్రశ్నార్థకం నిజాయితీకి గుర్తు. దాన్ని తీసివేసి నాలుగు అంకెలు మాత్రం మిగిల్చితే, సందేహం కాస్తా సత్యంగా మారిపోతుంది.

మూడవది చుక్కలు, గీతలు. తెలుగు మాటలను రోమను లిపిలో రాసేటప్పుడు దీర్ఘానికి అక్షరం మీద గీత, "ట" వర్గానికి అక్షరం కింద చుక్క పెడతారు. పెద్ద అక్షరాలు మాత్రమే గల యంత్రం వాటిని తొలగిస్తే "పాట", "పాత", "పట" మూడూ ఒకే నాలుగు అక్షరాలయిపోతాయి. పాటల పుస్తకం అడిగినవానికి పాత పుస్తకం కనబడుతుంది. చుక్క చిన్నదే, దాని పని పెద్దది.

తీర్పు మనిషిది, మోత యంత్రానిది

ఆవ్రమ్, ఆమె సహచరులు రూపొందించిన పద్ధతికి మార్క్ అని పేరు. యంత్రం చదువగలిగే క్యాటలాగు నమోదు అని దాని భావం. కార్డు మీద కంటికి మాత్రమే తెలిసే తేడాలను యంత్రానికి కూడా తెలిసేటట్లు రాయడం దీని కిటుకు.

ప్రతి అంశానికీ మూడంకెల గుర్తు ఉంటుంది. ముఖ్యకర్త అయిన వ్యక్తి పేరుకు 100, గ్రంథనామానికి 245, విషయానికి 650. గుర్తు తరువాత రెండు సూచకాలు ఉంటాయి. ఇవి ఒక్కొక్క అంకె మాత్రమే. వ్యక్తి పేరు దగ్గర మొదటి సూచకం 1 అయితే, ఇంటిపేరుతో మొదలగుచున్నదని అర్థం. 0 అయితే పెట్టిన పేరుతో. ఇంటిపేరు ఏదో యంత్రం ఊహించదు. క్యాటలాగరు నిర్ణయించి, తన తీర్పును ఒక అంకెలో రాస్తాడు. యంత్రం దానిని శిరసావహిస్తుంది.

నెహ్రూ 1946లో ప్రకటించిన "ది డిస్కవరీ ఆఫ్ ఇండియా" అనే పుస్తకం పేరులో మొదటి మాట అమరికకు పనికిరాదు. ఇంగ్లీషులో ఆ మాటకు మూడక్షరాలు, దాని తరువాత ఒక ఖాళీ. మొత్తం నాలుగు స్థానాలు. తరువాతి కాలంలో ఈ పద్ధతిలో చేర్చిన సూచకంలో 4 అని రాస్తే, యంత్రం నాలుగు స్థానాలు దాటి, ఐదవ దాని నుండి అక్షరక్రమం చూస్తుంది. ఏ భాషలో ఏ మాటను దాటవలెనో యంత్రానికి తెలియనవసరం లేదు.

సంవత్సరం చిక్కు కూడా ఇట్లే తీరినది. యంత్రం పోల్చి చూడడానికి నాలుగంకెల సంవత్సరాలకు రెండు స్థానాలు, ఆ సంవత్సరం ఏ రకమయినదో తెలిపే ఒక అక్షరం ఒకచోట ఉంచినారు. క్యాటలాగరు రాసిన కుండలీకరణం, ప్రశ్నార్థకం మరొకచోట యథాతథంగా ఉంటాయి. ఇద్దరి అవసరాలూ నెరవేరినవి. ఎవరి మాటా కొట్టివేయలేదు.

ఇక పొడవు సంగతి. అంశాల పొడవు ముందే నిర్ణయించడానికి బదులు, నమోదు మొదట్లోనే ఒక విషయసూచిక పెట్టినారు. అందులో ఒక్కొక్క అంశానికి 12 స్థానాలు. ఉదాహరణకు 245004200105 అని ఉన్నదనుకుందాము. మొదటి మూడంకెలు 245, అంటే గ్రంథనామం. తరువాతి నాలుగు 0042, అంటే దాని పొడవు 42 అక్షరాలు. చివరి ఐదు 00105, అంటే సమాచారం మొదలయ్యే చోటినుండి 105 స్థానాల తరువాత అది ఆరంభమవుతుంది. గ్రంథనామం నాలుగక్షరాలయినా, నాలుగువందలయినా కత్తిరించనవసరం లేదు. చుక్కలూ గీతలూ గల అక్షరాలకు సంకేతాలు ఏర్పరచినారు. వాటిని అచ్చువేయడానికి గ్రంథాలయాల కోసమని ప్రత్యేకమయిన అచ్చుమాల కూడా తయారయినది. క్యాటలాగరు పట్టుదలను చాదస్తమని తోసివేయక, అది ప్రోగ్రామరు పరిష్కరించవలసిన లెక్క అని భావించినందువల్లనే ఇది సాధ్యమయినది.

తప్పు దిద్దుకొన్న ప్రయోగం

మొదటి రూపాన్ని 16 గ్రంథాలయాలలో పరీక్షించినారు. హార్వర్డు, యేలు వంటి విశ్వవిద్యాలయాలతో పాటు ఒక జిల్లా పాఠశాలల వ్యవస్థ కూడా అందులో ఉన్నది. 1966 నవంబరు నుండి నమోదులను అయస్కాంతపు టేపుల మీద ఎక్కించి వారం వారం పంపినారు. 1968 జూను వరకు ప్రయోగం సాగినది. సుమారు 50,000 నమోదులు తయారయినవి.

ప్రయోగంలో లోపాలు బయటపడినవి. రూపకర్తలు తమ మొదటి రూపానికే అంటిపెట్టుకొని ఉండలేదు. పాల్గొన్న గ్రంథాలయాల అనుభవం విని, బ్రిటిష్ నేషనల్ బిబ్లియోగ్రఫీ వారితో సంప్రదించి, 1968లో రెండవ రూపం సిద్ధం చేసినారు. పైన వివరించిన నిర్మాణం దానిదే. 1969 మార్చి నుండి ఇంగ్లీషు పుస్తకాల నమోదుల పంపిణీ క్రమబద్ధంగా మొదలయినది. 1971లో ఈ నిర్మాణం అమెరికా జాతీయ ప్రమాణమయినది, 1973లో ఐ.ఎస్.ఓ. 2709 అనే అంతర్జాతీయ ప్రమాణమయినది.

కామాకు విలువ వచ్చినది

గౌరవం ఒకవైపు నుండి మాత్రమే ప్రసరించలేదు. యంత్రం సంగతి తెలిసిన కొద్దీ క్యాటలాగర్లు కూడా తమ పనిని కొత్తగా చూచుకొన్నారు. ఇది కర్త పేరు, ఇది ప్రకాశకుని పేరు అని అనుభవం గలవాని కంటికి చూడగానే తెలుస్తుంది. ఎట్లా తెలిసినదని అడిగితే వెంటనే చెప్పలేడు. చేయి తిరిగిన వంటమనిషిని ఉప్పు ఎంతని అడిగినట్లే. ప్రోగ్రామరుకు "తగినంత" అనే జవాబు సరిపోదు. ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడు, నియమాలలో మాటుపడి ఉన్న తర్కం బయటికి వచ్చినది.

దీనికి మంచి నిదర్శనం 1970 ప్రాంతంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తయారయిన ఒక ప్రోగ్రాము. గుర్తులు లేకుండా టైపు చేసిన కార్డు పాఠాన్ని చదివి, ఏది ఏ అంశమో ఆ ప్రోగ్రామే చాలావరకు పోల్చుకొని గుర్తులు వేసేది. తరువాత మనుషులు సరిచూచేవారు. యంత్రం ఎట్లా పోల్చుకొన్నది? కార్డు మీది చుక్కలు, కామాలు, ఖాళీలను బట్టి. బయటివారు చాదస్తమని నవ్విన ఆ విరామచిహ్నాలు డెబ్బది యేండ్లుగా ఒక క్రమంలో పడుతూ వచ్చినవి. ఆ క్రమశిక్షణే ప్రోగ్రామరుకు దారి చూపినది.

క్యాటలాగర్లు ఒక అడుగు ముందుకు వేసినారు. 1969లో కోపెన్‌హాగన్ నగరంలో అంతర్జాతీయ సమావేశం జరిపి, భాష తెలియనివారికీ యంత్రానికీ కూడా అర్థమయ్యేటట్లు విరామచిహ్నాలకు ఉమ్మడి పద్ధతి ఏర్పరచడానికి నిశ్చయించినారు. దాని మొదటి ముసాయిదా 1971లో వెలువడినది.

అనుమానాలు అంతటితో పోలేదు. అదే 1971లో ఎల్స్‌వర్త్ మేసన్ అనే విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి కంప్యూటర్ల ఖర్చుకు తగిన ఫలం లేదని ఘాటుగా ఒక వ్యాసం రాసినాడు. అటువంటి విమర్శ కూడా మేలే చేసినది. ఖర్చు లెక్క చూపవలసిన బాధ్యతను గుర్తుచేసినది. ఆ సంవత్సరమే అమెరికా గ్రంథాలయ సంఘంవారు క్యాటలాగు, వర్గీకరణ రంగాలలో విశిష్ట సేవకు ఇచ్చే మార్గరెట్ మాన్ పురస్కారాన్ని హెన్రియెట్ ఆవ్రమ్‌కు ఇచ్చినారు. ఆమెకు గ్రంథాలయ శాస్త్రంలో పట్టం లేదు. క్యాటలాగర్లు తమ వృత్తికి చెందిన గౌరవాన్ని ఒక ప్రోగ్రామరుకు ఇచ్చి, ఆమెను తమలో ఒకరిగా అంగీకరించినారు. ఆమె ఆ గ్రంథాలయంలో ఉన్నత పదవులకు ఎదిగి 1992లో విరమించినది, 2006లో మరణించినది.

ఫలమూ, మిగిలిన లోపమూ

1971 ఆగస్టు 26న ఒహాయో రాష్ట్రంలో ఒక ఉమ్మడి కంప్యూటరు వ్యవస్థ పనిచేయడం మొదలుపెట్టినది. మొదటి రోజున ఒహాయో విశ్వవిద్యాలయ గ్రంథాలయం దాని ద్వారా 133 పుస్తకాలకు క్యాటలాగు నమోదులు చేసుకొన్నది. ఒక గ్రంథాలయం చేసిన నమోదును మరొక గ్రంథాలయం వెంటనే వాడుకొనే కాలం వచ్చినది. ఆ సంస్థే గ్రంథాలయాలకు కార్డులు కూడా అచ్చువేసి పంపేది. కార్డుల ముద్రణను 2015 అక్టోబరులో ఆపివేసినది.

అయితే ఈ చరిత్రను కేవలం విజయగాథగా చెప్పుకోరాదు. మార్క్ పుట్టినది కార్డును అచ్చువేయడానికి. అందువల్ల కార్డు అలవాట్లు అందులో నిలిచిపోయినవి. ఒకే సంగతిని ఒకసారి మనిషి కోసం, మరొకసారి యంత్రం కోసం రాయవలసి వస్తుంది. ఒక రచనకూ దాని అనువాదాలకూ గల సంబంధాన్ని స్పష్టంగా చూపడం అందులో కష్టం. ఈ లోపాలను చూచి, మార్క్‌ను వదలవలెనని 2002 నాటికే గట్టి వాదన వచ్చినది. దానికి బదులుగా బిబ్‌ఫ్రేమ్ అనే కొత్త పద్ధతిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో ప్రకటించినది. పరస్పర గౌరవమంటే పాతదాన్ని తాకకుండా ఉంచడం కాదు. మార్చేముందు అది ఎందుకు అట్లా ఉన్నదో తెలుసుకోవడం.

మరొక సంఘటన కూడా తెలుసుకోదగినది. 1999లో న్యూజిలాండులోని హోరోఫెనువా ప్రాంతపు చిన్న గ్రంథాలయ సంస్థకు చిక్కు వచ్చినది. దాని పాత కంప్యూటరు వ్యవస్థ 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదు. అక్కడి గ్రంథాలయంవారూ, ఒక చిన్న సంస్థలోని ప్రోగ్రామర్లూ కలిసి కొత్త వ్యవస్థను తయారుచేసి, 2000 జనవరిలో నడిపించినారు. దానిని ఎవరయినా ఉచితంగా వాడుకోవచ్చునని విడిచిపెట్టినారు. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థం. మొదటి రూపంలో మార్క్ లేదు. ఇతర గ్రంథాలయాలతో నమోదులు పంచుకోవడానికి అది అవసరమని తెలిసి, తరువాత చేర్చినారు. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని కళాశాల గ్రంథాలయాలు కూడా కోహాను వాడుచున్నవి.

తెలుగు పుస్తకం పేరును తెలుగు లిపిలోనే భద్రపరచడానికి నేడు అవకాశమున్నది. రోమను లిపిలోని నమోదుకు జంటగా మూల లిపిని ఉంచడానికి మార్క్‌లో 880 అనే గుర్తు ఉన్నది. కాని ఇంటిపేరు ఏదో, "విభవ" ఏ సంవత్సరమో, "పాట" అని ఎక్కడ రాయవలెనో నిర్ణయించేది మాత్రం ఇంకా మనిషే. నమోదు చేసేవారిని గుమాస్తాలనీ, యంత్రం నడిపేవారిని మరమ్మతుదారులనీ భావించే చోట, ఆ చిన్న తప్పులు అడిగేవారు లేక నిలిచిపోతాయి. ఒకసారి తప్పు శీర్షిక కింద చేరిన పుస్తకం బీరువాలో ఉండగానే పోయినట్లు లెక్క.

తోకచుక్క పుస్తకం అడిగిన విద్యార్థికి ఈ చరిత్ర ఏదీ తెలియనవసరం లేదు. అతడు ఒక మాట టైపు చేస్తాడు. పుస్తకం ఉన్న బీరువా సంఖ్య తెరమీద కనిపిస్తుంది. ఆ ఒక్క క్షణంలో ఒకరి తీర్పు, మరొకరి నిర్మాణం కలిసి పనిచేసినవి. పాఠశాల గ్రంథాలయంలో కొత్త పుస్తకాల పట్టిక రాసే పని విద్యార్థులకు అప్పగించే ఉపాధ్యాయులు, పది పుస్తకాలకు కర్త పేరు, ఇంటిపేరు, అచ్చయిన సంవత్సరం జాగ్రత్తగా గుర్తించమని చెప్పి చూడవచ్చును. పదింటిలో రెండు మూడయినా వారిని ఆలోచనలో పడవేస్తాయి. ఆ ఆలోచనలోనే ఈ వృత్తి గౌరవం వారికి బోధపడుతుంది.